ఇంటి గొంతు

ఎడిటింగ్ గది,
కాలేజీ మూడో అంతస్తు.

అత్తయ్యా,

మీ ఇంట్లో షూటింగ్ ముగించుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఈ గదిలోనే ఉంటున్నాను. కిటికీ లేని గది. ఒక బల్ల, దాని మీద చేతి అద్దమంత తెర ఉన్న మెషిన్, పక్కన ఒక గుడ్డ తొట్టి. కత్తిరించిన ఫిల్మ్ ముక్కలు దండెం మీద బట్టల్లా ఆ తొట్టిలోకి వేలాడుతుంటాయి. ఏ ముక్క ఎత్తి చూసినా మామయ్యే. బస్టాండు నుంచి వస్తాడు, చెప్పులు విప్పుతాడు, కుర్చీలో కూలబడతాడు, నిన్ను మంచినీళ్ళడుగుతాడు. నువ్వు కెమెరా ముందుకి రానని మొండికేశావు కాబట్టి నీ చెయ్యి ఒక్కటే గ్లాసు పట్టుకుని వస్తుంది. మా మాస్టారు ఆ చెయ్యి చూసి "ఈవిడెవరో బాగా చేసింది" అన్నారు. పొంగిపోకు.

ఇప్పుడొక చేదు కబురు. మీ పక్క షెడ్డులో రేకు పెట్టెలు చేసే తాత మన కొంప ముంచాడు. మామయ్య నోరు తెరిచిన ప్రతిచోటా టేపులో ఠంగుమని సుత్తి దెబ్బ. ఒక్క మాట కూడా శుభ్రంగా లేదు. అయినా కంగారు పడకు, దీనికి మందుంది. డబ్బింగ్ చేస్తాం. మామయ్య మాట్లాడే ముక్కను కత్తిరించి, కొసకు కొస అతికించి చక్రంలా చేస్తాను. లూపు అంటారు. తెర మీద అదే మాట మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. మామయ్య ఇక్కడికొచ్చి మైకు ముందు నిలబడి, తన పెదాలు తనే చూసుకుంటూ, వాటికి సరిగ్గా మాట కలపాలి. బస్టాండు మైకు ముందు జీవితమంతా గడిపిన మనిషికి అదెంత పని? ఎప్పుడు పంపిస్తావో రాయి.

మొత్తం షూటింగులో బాగా వచ్చిన టేపు ఒక్కటే. తాత భోజనానికి వెళ్ళినప్పుడు, ఎవరూ మాట్లాడకుండా నిమిషం సేపు మీ గది చప్పుడు రికార్డు చేశాను చూడు, అది. ఏ గది నిశ్శబ్దం ఆ గదికే ఉంటుందట. మాటకీ మాటకీ మధ్య దాన్ని పరవకపోతే సినిమా చెవిటిదైపోతుంది. మామయ్య నిమిషం సేపు నోరు మూసుకోవడం కల్ల అని నువ్వు పందెం కాశావు. ఓడితే ఒక రోజంతా మాట్లాడనన్నావు. ఆయన గెలిచాడు. నువ్వా పందెం ఇంకా తీర్చలేదని మామయ్య నాకు ఫిర్యాదు చేశాడు.

నీ కత్తెరపిట్ట


వంటింటి గట్టు మీద నుంచి.

కత్తెరపిట్టా,

నేను రోజంతా మాట్లాడకపోతే ఈ ఇల్లు నడిచినట్టే! పందెం పందెమే, కాదనను. ఎప్పుడో వీలు చూసుకుని తీరుస్తానులే.

పెట్టెల తాతకి నీ మాట చేరవేశాను. బాధపడతాడనుకుంటే, "అయితే నా సుత్తి సినిమాలో వినిపిస్తుందా?" అని మురిసిపోయాడు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే కాబోలు.

మీ మామయ్య ఇప్పుడప్పుడే రాలేరు. గొంతు పట్టేసింది. జలుబు చేసినట్టుంది, ఎన్నాళ్ళకీ వదలడం లేదు. బస్టాండులో ఈ వారమంతా ఆయన బదులు చిలక కండక్టరే మైకు పట్టుకుంటున్నాడు. చిలక తెలుసుగా నీకు, మీ మామయ్యను అచ్చు దించేస్తాడు. "మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని వాడంటే జనం తేడా కనిపెట్టలేకపోతున్నారట. మీ మామయ్యకది కాస్త కష్టంగానే ఉంది. "నేను లేకపోయినా నా గొంతు పనికి పోతోందే" అన్నారు నిన్న.

నాకు మాత్రం వాడి అనుకరణ ఎప్పుడూ ఆనదు. వాడు దించేది బస్టాండు గొంతు. ఊరందరికీ తెలిసింది అదే. పొద్దంతా అరిచి అరిచి గుమ్మంలోకొచ్చాక మీ మామయ్య మాట ఎంత కిందికి దిగిపోతుందో, చెప్పులు విప్పి "నువ్వు తిన్నావా?" అని ఎలా అడుగుతారో వాడికేం తెలుసు? నీకూ నాకూ తప్ప ఆ గొంతు ఇంకో ప్రాణికి తెలీదు. మా తమ్ముడు పోయాక నిన్ను ఎత్తుకుని ఈ ఇంటికి తెచ్చుకున్న రోజు, నువ్వు ఏడుపు మానింది ఆ గొంతుకే.

కళ్ళు పాడుచేసుకోకు. వేళకి తిను.

అత్త


ఎడిటింగ్ గది.

అత్తయ్యా,

జలుబుకి ఇన్నాళ్ళా? మామయ్యకి మిరియాల కషాయం ఇచ్చి రైలెక్కించు. లూపులన్నీ సిద్ధం చేసేశాను. డబ్బాల మీద వరసగా "మంచినీళ్ళు", "బస్సు ఆలస్యం", "నువ్వు తిన్నావా" అని రాసి పెట్టుకున్నాను. ఆ చివరిదే సినిమాకి ఆఖరి మాట. మిగతా సినిమా అంతా దానికోసమే కట్టుకుంటూ వస్తున్నాను: బస్సులన్నిటినీ పంపించి, తనెక్కడికీ వెళ్ళకుండా ఇంటికొచ్చిన మనిషి ఆ ఒక్క మాట అడుగుతాడు, తెర నల్లబడుతుంది. మామయ్య ఆ మాట ఇంట్లో అన్నట్టు అనేస్తే చాలు, నా సినిమా గట్టెక్కినట్టే. అనకపోతే ఇందులో ఏమీ లేదు, ఒక ముసలాయన చెప్పులు విప్పుకోవడం తప్ప. "ముసలాయన" అన్నానని చెప్పకు.

నా బల్ల ఇప్పుడు కాస్త తెరిపిన పడింది. సౌండ్ స్టోరులో ఉండే పెద్దమనిషి టేపులు వెనక్కిమ్మని పోరు పెడుతుంటే, ఎర్ర పెన్సిలుతో ఎన్‌జీ అని రాసినవన్నీ ఇచ్చేశాను. ఎన్‌జీ అంటే పనికిరానివని. ఓకే అని నల్ల పెన్సిలుతో రాసుకున్నది ఆ నిశ్శబ్దం టేపు ఒక్కటే, అది నా దగ్గరుంది. మా మాస్టారికి శుభ్రమైన బల్లంటే ఇష్టం. "మనసు తెలిసిన ఎడిటర్ దేన్ని పారెయ్యాలో ముందు తెలుసుకుంటాడు" అన్నారు. నన్ను మెచ్చుకోవడం ఇది రెండోసారి.

త్వరగా పంపించు.

కత్తెరపిట్ట


ఆసుపత్రి వరండా, బెంచీ మీద.

కత్తెరపిట్టా,

పైన రాసింది చూసి గాభరా పడకు. పరీక్షలు చేయిద్దామని పెద్దాసుపత్రికి తీసుకొచ్చాను. గొంతులో కాస్త వాపుందట. మీ మామయ్య లోపల ఉన్నారు, నేను బయట కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలికి వెళ్ళేముందు, ఇక్కడి నర్సు పేర్లు పిలవడం విని మీ మామయ్యకి నవ్వొచ్చింది. "ఈ పిల్లకి మైకు పట్టుకోవడం రాదు, నేనైతేనా" అని చెయ్యూపి చూపించారు. మాట్లాడొద్దన్నారు కదా, అందుకని.

ఒక్క సంగతి అడుగుదామని రాస్తున్నాను. షూటింగప్పుడు నువ్వు పట్టుకెళ్ళిన టేపుల్లో మీ మామయ్య మాటలన్నీ ఉన్నాయా? సుత్తి దెబ్బలున్నా సరే, ఆయన ఇంట్లో మాట్లాడినవి. ఎన్నాళ్ళుంటాయి అలా? పాడైపోతాయా? ఊరికే అడుగుతున్నాను, నీ చదువేమిటో నాకూ కాస్త తెలియాలిగా.

అత్త


ఎడిటింగ్ గది.

అత్తయ్యా,

ఉన్నాయి, ఎక్కడికి పోతాయి? మామయ్య మాటలన్నీ డబ్బాల్లో భద్రంగా ఉన్నాయి. టేపు సరిగ్గా దాచుకుంటే మనకంటే ఎక్కువకాలం బతుకుతుంది. ఇక ఆ దిగులు వదిలేసి వాపు సంగతి చూడండి.

ఇక్కడ పని బ్రహ్మాండంగా సాగుతోంది. మామయ్య కుర్చీలో కూర్చునే ముక్క, నీ చెయ్యి గ్లాసు అందించే ముక్క కలిపే చోట పొద్దున్నుంచీ కొట్టుకున్నాను. కాస్త ముందు కోస్తే నువ్వు ఆయన కోసం కాచుక్కూర్చున్నట్టుంది, కాస్త వెనక కోస్తే విసుక్కుంటున్నట్టుంది. చివరికి విసుగే ఉంచాను. నిన్నెరిగినదాన్ని కదా!

డబ్బింగ్ గది వచ్చే నెల మొదట్లో మాకిస్తారు. అప్పటికి మామయ్య ఇక్కడుండాలి.

కత్తెరపిట్ట


ఇంటి నుంచి.

అమ్మలూ,

ఇప్పటిదాకా నీకు చెప్పని సంగతి చెబుతున్నాను. కుదురుగా కూర్చుని చదువు.

అది జలుబు కాదు, వాపూ కాదు. నువ్వు షూటింగుకి రాకముందు నుంచే ఉన్న జబ్బట, మాకు తెలీలేదు. గొంతు పెట్టె తీసెయ్యాలన్నారు. తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట పోతుంది. డాక్టరు ఇది ముందే చెప్పాడు. మీ మామయ్యే ఒప్పుకోలేదు. "మాట లేకుండా నేనేం చేసుకోను, ఇంకో ఏడాది మాట్లాడుకుంటూ పోతాను" అని మొండికేసి కూర్చున్నారు. నేను అరిచాను, ఏడ్చాను, తిండి మానేశాను. అన్నీ గోడకి చెప్పినట్టే అయ్యాయి.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చదివి వినిపించాను. టేపు మనకంటే ఎక్కువకాలం బతుకుతుందని రాశావు కదా, ఆ మాట రెండోసారి చదివించుకున్నారు. కాసేపు కిటికీలోంచి తాత షెడ్డు వైపు చూసి, "అయితే సరే. అమ్మాయి దగ్గర ఉందిగా" అన్నారు. సంతకం పెట్టేశారు.

మన వీధిలో టైలరు తన టేప్‌రికార్డరు తెచ్చి, "ఇంకా నాలుగు రోజులుంది కదా, ఏవైనా మాట్లాడండి సార్, పెడతాను" అన్నాడు. మీ మామయ్య ఒప్పుకోలేదు. "ఇప్పుడు గీరుకుపోయింది, ఈ గొంతు ఎందుకు దాచడం? బాగున్నప్పటిది మా పిల్ల పెట్టెలో ఉంది" అని పంపేశారు. నాకూ అదే సబబనిపించింది.

ఆపరేషన్ గురువారం. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అయిపోయి ఉంటుంది. ముందే రాస్తే పని వదిలేసి పరిగెత్తుకొస్తావని రాయనివ్వలేదు ఆయన. నువ్వు రావద్దు. సినిమా పూర్తిచెయ్యి. వచ్చేటప్పుడు ఆ మాటలున్న టేపు ఒక్కటి తెచ్చిపెట్టు. ఇన్నేళ్ళలో నిన్నేదీ అడగలేదు, ఇదొక్కటే అడుగుతున్నాను.

అత్త


హాస్టలు గది, శుక్రవారం.

అత్తయ్యా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. పోస్టాఫీసుకు పరిగెత్తి బస్టాండుకి ఫోను చేశాను. చిలక కండక్టరు ఎత్తాడు. "నిన్ననే అయిపోయిందమ్మా, బాగా జరిగింది" అన్నాడు. మామయ్య గొంతుతోనే అన్నాడు, అలవాటు చొప్పున. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది.

అత్తయ్యా, టేపులు లేవు.

ఇచ్చేశానని నేనే నీకు రాశాను. ఎన్‌జీ అని రాసి ఇచ్చేస్తే వాటిని స్టోరులో అయస్కాంతం పెట్టి చెరిపేసి వేరేవాళ్ళకిస్తారు. ఇక్కడ పద్ధతే అది, కొత్త టేపు ఎవరికీ దొరకదు. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. సుత్తి దెబ్బలున్నాయి కదా, మామయ్య వచ్చి డబ్బింగులో మళ్ళీ చెబుతాడు కదా అనుకున్నాను. నువ్వు ఆసుపత్రి నుంచి అడిగిన రోజుకి అవి నా దగ్గర లేవు. స్టోరుకి వెళ్ళి కనుక్కోలేదు కూడా. కొత్తవి వచ్చేస్తాయిలే అని ఉన్నాయని రాసేశాను. ఎందుకడుగుతున్నావో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఫోను పెట్టేసి స్టోరుకి వెళ్ళాను. పెద్దమనిషి నా డబ్బాలు వెతికి తీశాడు. మూతల మీద నా ఎర్ర పెన్సిలు రాత కొట్టేసి, కింద ఎవరిదో పేరుంది. జూనియర్లు వాటి మీద వాన రికార్డు చేసుకున్నారు. అయినా పెట్టించుకుని విన్నాను. రేకుల మీద పడే వాన, మొదటి నుంచి చివరిదాకా వానే. దాని కిందెక్కడైనా ఒక్క మాట మిగిలిందేమోనని చెవులు పెట్టాను. పెద్దమనిషి నా పక్కనే నిలబడి, "మా అయస్కాంతం గట్టిదమ్మా, ఏమీ మిగల్చదు" అన్నాడు.

నల్ల పెన్సిలు డబ్బా ఒక్కటే ఉంది. అందులో మామయ్య ఒక్క మాటా మాట్లాడలేదు.

నన్ను తిట్టు అత్తయ్యా. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

నీ పిల్ల


ఇంటి నుంచి.

నీ ఉత్తరం చేరి చాలా రోజులైంది. నాకు రాయబుద్ధి కాలేదు.

సుత్తి దెబ్బలుంటే ఏమైందే? పెళ్ళయి ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచీ ఆ సుత్తి దెబ్బల మధ్యే కాపురం చేశాను. ఆయన మాట నాకెప్పుడు వినపడలేదు? పనికిరాదని ఎర్ర పెన్సిలుతో రాశావట. నీ చేత్తో రాశావట. నిన్ను ఊరుకోబెట్టిన గొంతు మీద.

లేవని అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలుసా? ఆయన ఆపరేషన్ వద్దంటే వద్దనే కూర్చునేవారు. నీ అబద్ధం వల్లే ఆయన బతికి ఉన్నారు. అందుకు నీకు దణ్ణం పెట్టాలో, నీ చెంప పగలగొట్టాలో తెలియక ఇన్నాళ్ళూ కలం పట్టలేదు.

ఆయన కోలుకుంటున్నారు. మెడ కింద చిన్న కన్నం, దానికొక గుడ్డ. నీ చిన్నప్పటి పలక అటక మీద నుంచి దించాను, మాటలన్నీ దాని మీదే. వెనకటికి నేనేదైనా కొనాలంటే ఆయన ఊరుకునేవారు, "మౌనం అర్ధాంగీకారం" అని నేను కొనేసేదాన్ని. ఇప్పుడన్నిటికీ మౌనమే. ఏది అంగీకారమో నాకు తెలియడం లేదు.

టేపుల సంగతి ఆయనకి చెప్పలేదు. నీ సినిమాకి వేరే గొంతు కావాలని మాత్రం చెప్పాను, సుత్తి చప్పుడుకి ఆ మాటలు తెర మీద పనికిరావట అని. పలక మీద ఏం రాశారో తెలుసా? "చిలకని పంపు. నాది పెట్టెలో ఉందిగా." నవ్వుతూ రాశారు.

చిలక ఆదివారం బండెక్కుతాడు. స్టేషనుకి వెళ్ళి తీసుకురా, వాడికి ఆ ఊరు కొత్త.

అత్త


ఎడిటింగ్ గది.

అత్తయ్యా,

చిలక వచ్చాడు, చేశాడు, వెళ్ళాడు. మంచివాడు. మామయ్య కోసమని కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

గదిలో దీపాలార్పి మొదటి లూపు వేశాం. మామయ్య పెదాలు తెర మీద కదిలాయి, చిలక మైకులో అందుకున్నాడు. కలవడం ఎంత బాగా కలిసిందో! మా మాస్టారు లేచి నిలబడ్డారు. కానీ అది బస్టాండు గొంతు. కుర్చీలో కూలబడ్డ మామయ్య, ఆరో నంబరు బస్సు బయలుదేరుతోందన్నట్టు "మంచినీళ్ళివ్వు" అంటున్నాడు.

"అలా కాదు, ఇంట్లోలా మెత్తగా" అని చెప్పాను. మెత్తగా అన్నాడు. మైకు పాడైన బస్టాండులా ఉంది. "మీ మామయ్య ఇంట్లో ఎలా మాట్లాడతాడో నేనెప్పుడూ వినలేదమ్మా, నువ్వు చేసి చూపించు, పట్టేస్తాను" అన్నాడు. నేను నోరు తెరిచాను. నాకు రాలేదు. నా చెవుల్లో ఉందది, బయటికి రాలేదు. పగలంతా ఆ "నువ్వు తిన్నావా" లూపు తిరుగుతూనే ఉంది. మామయ్య అడుగుతూనే ఉన్నాడు. ఆ ముక్క గీతలు పడి అరిగిపోయేదాకా తిప్పించాను. చివరికి చిలక కళ్ళు తుడుచుకుని, "నావల్ల కాదమ్మా" అన్నాడు.

వచ్చిందే వాడాను. వెనకాల మీ గది నిశ్శబ్దం పరిచాను. అది మాత్రం అచ్చంగా మీ గదే.

ప్రదర్శన నెలాఖరున. మీరు రావద్దు అత్తయ్యా. మామయ్యకేదో ఒకటి చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ పిల్ల


ఇంటి నుంచి, రైలు దిగాక.

అమ్మలూ,

మమ్మల్ని హాలు తలుపు దగ్గర చూసి నీ మొహం పాలిపోవడం గమనించాను. ఆయన పట్టుబట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడకి రుమాలు కట్టుకుని, పెళ్ళికొడుకులా బయలుదేరిన మనిషిని ఏం చెప్పి ఆపను?

నువ్వు సినిమా వేసే మెషిన్ గదిలో ఉన్నావు కదా, హాల్లో జరిగింది నీకు సగమే తెలుసు. "మంచినీళ్ళివ్వు" దగ్గర వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "బస్సు ఆలస్యం" దగ్గర సగం హాలు నవ్వింది. వాళ్ళ తప్పేమీ లేదు, ఇంట్లో కూడా మైకులో మాట్లాడే మనిషి అనుకున్నారు, అది హాస్యమనుకున్నారు. "నువ్వు తిన్నావా?" అనగానే హాలు హాలంతా గొల్లుమంది. తెర నల్లబడింది. చప్పట్లు కొట్టారు. నువ్వు బయటికొచ్చాక మీ మాస్టారు నీ భుజం తట్టడం చూశాను.

మీ మామయ్యా నవ్వారు. భుజాలు కదిలాయి, చప్పుడు లేదు. అందరూ లేచి వెళ్ళాక కూడా ఆయన నల్ల తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

రైల్లో పలక తీసి రాశారు: "చిలక బాగా చేశాడు. ఇప్పుడు నాది వినిపించమను." నేను కిటికీ వైపు తిరిగాను. చెరిపేసి మళ్ళీ అదే రాసి నా ఒళ్ళో పెట్టారు. ఇంటికొచ్చాక చెప్పేశాను. అంతా చెప్పాను, నువ్వు రాసింది రాసినట్టు. ఆయన పలక మీద ఏమీ రాయలేదు. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి అటక మీద పెట్టేశారు. అది మొన్న. ఇంతవరకూ మళ్ళీ ముట్టుకోలేదు.

నీ మీద నాకిప్పుడు కోపం లేదు. కోపం తెచ్చుకోడానికైనా ఓపిక కావాలి.

ఆ నల్ల పెన్సిలు డబ్బా పంపించు. ఉన్నదే పంపించు.

అత్త


ఎడిటింగ్ గది.

అత్తయ్యా,

క్యాసెట్‌లోకి ఎక్కించి పంపుతున్నాను. టైలరు టేప్‌రికార్డరులో పడుతుంది. ఏమీ కత్తిరించలేదు, అతికించలేదు. ఇందులో ఏమీ లేదు అత్తయ్యా. ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు.

నా సినిమాకి బహుమతి ఇచ్చారు. హాస్యానికి. తీసుకోవడానికి వెళ్ళలేదు. ఈ గది తాళం రేపు అప్పగించేస్తాను.

నీ పిల్ల


ఇంటి నుంచి.

కత్తెరపిట్టా,

క్యాసెట్ అందింది. టైలరు తెచ్చి పెట్టి, మీట నొక్కడం నేర్పి వెళ్ళాడు. మధ్యాహ్నం, పెట్టెల తాత భోజనానికి వెళ్ళిన వేళ చూసి పెట్టాను. మీ మామయ్య ఆ కుర్చీలోనే కూర్చున్నారు.

ఏమీ లేదన్నావు. ఉంది. మన గోడ గడియారం ఉంది. కుళాయి చుక్క ఉంది. వీధిలో దూరంగా సైకిలు గంట. ఆయన కుర్చీ ఒకసారి కిర్రుమంది, నవ్వాపుకోలేక కదిలారు అప్పుడు, నేను కళ్ళురిమాను. తర్వాత నువ్వు "అయింది" అన్నావు. వెంటనే ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. నోరు తెరిచి మాట్లాడబోయే ముందు పీల్చుకునే ఊపిరి. అక్కడ నువ్వు టేపు ఆపేశావు.

ఆ ఊపిరి తర్వాత ఆయనేమన్నారో నాకు గుర్తుంది. "ఓడావుగా, పద తిందాం" అన్నారు. ఇంటి గొంతుతో. నీకూ గుర్తుండే ఉంటుంది.

రెండోసారి పెట్టాను. మూడోసారి పెట్టినప్పుడు ఆయన మొహం చూస్తున్నాను. గడియారం, కుళాయి, సైకిలు గంట, నీ మాట, ఊపిరి. టేపు ఆగింది. ఆయన పెదాలు కదిలాయి. ఓడావుగా, పద తిందాం. చప్పుడు లేదు, టేపులోనూ లేదు. పెదాలకీ మాటకీ సరిగ్గా కలవాలని రాశావే, అలా కలిసింది. నాకు ఏడుపాగలేదు. ఆయన వచ్చి మీట నొక్కి క్యాసెట్ బయటికి తీసి నా చేతిలో పెట్టారు. ఇక పెట్టొద్దని నాకర్థమైంది.

నిన్న పందెం తీర్చేశాను. పొద్దున్న లేచింది మొదలు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి ముందు తెలీలేదు. కాఫీ ఇచ్చి ఊరుకుంటే వింతగా చూశారు, తర్వాత గ్రహించి తలూపారు. ఇద్దరం అలాగే పనులు చేసుకున్నాం. వండాను, తిన్నాం, గిన్నెలు కడిగాను, బట్టలారేశాను.

ఎండ వాలే వేళకి పక్క షెడ్డులో సుత్తి ఆగిపోయింది. పెట్టెల తాత వచ్చి మన తలుపు కొట్టాడు. తీశాను. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. "పొద్దున్నుంచీ మీ ఇంట్లోంచి ఒక్క అలికిడి లేదమ్మా. ఇంట్లో ఎవరూ లేరేమోననుకున్నాను" అన్నాడు.

ఉన్నామని చెయ్యి ఊపాం, ఇద్దరం.

అత్త